స్వామి జ్ఞానానంద: పుస్తకం అచ్చు కోసం జర్మనీ వెళ్లి.. అణు శాస్త్రవేత్తగా తిరిగొచ్చిన తెలుగు యోగి

వరంగల్: ఎన్ఐటీలోనో, కాకతీయ యూనివర్సిటీలోనో ఫిజిక్స్ చదివే కుర్రాళ్లను గొప్ప శాస్త్రవేత్తల పేర్లు చెప్పమంటే ఠక్కున రాంట్‌జెన్ అంటారు, ఐన్‌స్టీన్ అంటారు, చాడ్విక్ అంటారు. ఆ లోకంలో తిరిగిన ఒక తెలుగాయన పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఆయన పుట్టింది భీమవరం దగ్గర పల్లెటూళ్లో. యవ్వనం గడిచింది హిమాలయాల్లో. ముప్పై దాటాక జర్మనీలో ఫిజిక్స్ మొదలుపెట్టారు. న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పరిశోధన చేశారు. అరవయ్యో ఏడు దగ్గరపడుతుండగా విశాఖలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. అంతా చేసి, చివరిదాకా స్వామీజీగానే ఉన్నారు. ఆయనే స్వామి జ్ఞానానంద. అసలు ఒక యోగి అణుకేంద్రకం దాకా ఎలా వెళ్లారు? పూర్తి వివరాలు చూద్దాం.

గొరగనమూడి కుర్రాడు

జ్ఞానానంద అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరం సమీపంలోని గొరగనమూడి ఆయన సొంతూరు. 1896 డిసెంబరు 5న పుట్టారు.

ఆయన పుట్టిన కాలం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దాదాపు 13 నెలల ముందు, 1895 నవంబరు 8న జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే ప్రొఫెసర్ చీకటి గదిలో పనిచేస్తూ ఎక్స్-కిరణాలను గుర్తించారు. రాజుగారబ్బాయి పుట్టిన 1896లోనే పారిస్‌లో హెన్రీ బెకరెల్ యురేనియం లవణాల నుంచి తమంతట తామే వెలువడే కిరణాలను చూశారు. అదే రేడియోధార్మికత. తర్వాతి రోజుల్లో ఈ కుర్రాడు పరిశోధన చేసిన రెండు రంగాలూ ఇవే. ఒకటి ఎక్స్-కిరణాలు, రెండోది రేడియోధార్మికత. అంటే ఆయన సబ్జెక్టులూ, ఆయనా దాదాపు ఒక ఈడు వాళ్లన్నమాట.

కానీ చిన్నప్పుడు ఆ వార్తలేవీ గొరగనమూడి చేరలేదు. ఇంట్లో దొరికింది వేరే చదువు. వేదాలు, శాస్త్రాలు, పురాణాలకు సంబంధించిన గ్రంథాలు తండ్రి దగ్గర ఉండేవి. వాటి మధ్యే పెరిగిన అబ్బాయికి మనసు అటే పోయింది. యవ్వనంలోనే ఇల్లు విడిచి ఉత్తరాదికి వెళ్లిపోయారు. హిమాలయ ప్రాంతాల్లో దాదాపు పదేళ్ల పాటు యోగ సాధనలో గడిపారు. లక్ష్మీనరసింహరాజు కాస్తా స్వామి జ్ఞానానంద అయ్యారు.

కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే మన దేశంలో ఉన్న ఎందరో సన్యాసుల్లో ఆయన ఒకరు. ఎవరూ ఇంత చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు.

అచ్చు పని మీద వెళ్లి..

1927లో జ్ఞానానంద జర్మనీ ప్రయాణం కట్టారు. వెళ్లింది సైన్స్ చదవడానికి కాదు. సాధన కాలంలో తాను రాసుకున్న తాత్విక గ్రంథాన్ని అచ్చువేయించుకోవడానికి. ఆ పని మీద డ్రెస్డెన్ నగరం చేరారు. యోగం మీద, భారతీయ తత్వం మీద అక్కడి వాళ్లకు ఉపన్యాసాలు కూడా ఇచ్చారు.

ఆయన దిగిన సమయం మామూలుది కాదు. ఫిజిక్స్ పునాదులు కదిలిపోతున్న రోజులవి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం అప్పటికే ఇంటింటి మాట అయింది. అణువు లోపల లెక్కలు వేరేగా ఉంటాయని చెప్పే క్వాంటమ్ మెకానిక్స్ 1925, 1926ల్లో రూపుదిద్దుకుంది. హైజెన్‌బర్గ్ తన అనిశ్చితి సూత్రాన్ని ప్రకటించింది 1927లోనే. జర్మనీలో చదువుకున్న వాళ్లు నలుగురు కూడితే ఇదే చర్చ.

సాపేక్ష సిద్ధాంతం గురించి విన్న జ్ఞానానందకు ఆసక్తి పుట్టింది. కాలం అంటే ఏంటి, స్థలం అంటే ఏంటి, చూసేవాడికీ చూడబడేదానికీ సంబంధం ఏంటి.. ఆయన పదేళ్లుగా కళ్లు మూసుకుని ఆలోచిస్తున్న ప్రశ్నలివి. అక్కడ వీళ్లు అవే ప్రశ్నలను గణితంతో అడుగుతున్నారు. పైగా జవాబు సరైనదో కాదో కొలిచి చూస్తున్నారు.

ఇలాంటి చోట రెండు దారులుంటాయి. ఇదంతా మన గ్రంథాల్లో ఎప్పుడో ఉంది అని ఒక ఉపన్యాసం ఇచ్చి, చప్పట్లు కొట్టించుకుని ఓడెక్కడం ఒకటి. వినడానికి జనం కూడా ఉన్నారు. రెండోది కష్టమైన దారి. ఆ గణితం ఏంటో మొదటి నుంచి నేర్చుకోవడం. జ్ఞానానంద రెండోదే పట్టారు. గురువుగా పీఠం మీద కూర్చుని మాట్లాడిన మనిషి, తనకన్నా పదేళ్లు చిన్నవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చున్నారు. డ్రెస్డెన్‌లోనే గణితం, ఫిజిక్స్ చదివారు. అదీ పరాయి భాషలో.

ఈ ఒక్క నిర్ణయమే ఆయన జీవితాన్ని రెండుగా చేసింది.

ప్రేగ్‌లో ఎక్స్-కిరణాల పాఠం

డ్రెస్డెన్ తర్వాత జ్ఞానానంద చేరింది చెకోస్లొవేకియా రాజధాని ప్రేగ్. అక్కడి చార్లెస్ యూనివర్సిటీ యూరప్‌లోని పాత విద్యాపీఠాల్లో ఒకటి. 1348లో మొదలైంది. అక్కడ ప్రొఫెసర్ వాక్లావ్ డొలెయ్‌షెక్ దగ్గర ఆయన పరిశోధనకు కుదిరారు. విశేషం ఏంటంటే గురువు 1895లో పుట్టారు, శిష్యుడు 1896లో. ఇద్దరికీ రెండేళ్లు కూడా తేడా లేదు!

డొలెయ్‌షెక్ మామూలు ప్రొఫెసర్ కాదు. స్వీడన్‌లో మాన్ సీగ్‌బాన్ దగ్గర ఎక్స్-కిరణాల వర్ణపట శాస్త్రం నేర్చుకున్నారు. ఆ సీగ్‌బాన్ 1924 నోబెల్ గ్రహీత. ఎక్స్-కిరణాల్లో ఎన్-శ్రేణి అనే కొత్త గీతల వరుసను గుర్తించిన ఘనత డొలెయ్‌షెక్‌ది.

ఇంతకీ ఏంటీ ఎక్స్-కిరణాల వర్ణపటం? సింపుల్‌గా చెప్పుకుందాం. పరమాణువులో ఎలక్ట్రాన్లు పొరలు పొరలుగా ఉంటాయి. వేగంగా వచ్చే ఎలక్ట్రాన్ ఒకటి బలంగా తగిలితే లోపలి పొరలోని ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఖాళీ అయిన చోటులోకి పై పొర నుంచి ఇంకో ఎలక్ట్రాన్ దూకుతుంది. దూకేటప్పుడు మిగిలిన శక్తి ఎక్స్-కిరణంగా బయటికొస్తుంది. ఏ మూలకానికి ఆ శక్తి వేరు. రాగిది ఒకలా ఉంటుంది, ఇనుముది ఇంకోలా ఉంటుంది. మనుషులకు వేలిముద్రలు ఎలాగో మూలకాలకు ఈ గీతలు అలాగ. కిరణాన్ని ఒక స్ఫటికం మీదికి పంపితే ఒక్కో శక్తి ఒక్కో కోణంలో విడిపోతుంది. ఆ గీతలు ఫొటో ప్లేట్ మీద పడతాయి. వాటి మధ్య దూరం కొలిస్తే పరమాణువు లోపల ఏముందో లెక్క తేలుతుంది.

చెప్పడం ఇంత తేలిక. చెయ్యడం అంత తేలిక కాదు. గీత సరిగా పడాలంటే ప్లేటును గంటల తరబడి కిరణాలకు ఎదురుగా ఉంచాలి. అంతసేపూ కరెంటు నిలకడగా ఉండాలి. గొట్టంలో శూన్యం చెదరకూడదు. గదిలో వేడి పెరిగితే స్ఫటికం కొద్దిగా వ్యాకోచిస్తుంది, గీత జరుగుతుంది. జ్ఞానానంద ఎంచుకున్నది అత్యంత కచ్చితమైన కొలతల పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సిందే. ఏళ్ల తరబడి ఈ పని చేసి చార్లెస్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ సాధించారు.

పదేళ్లు ఒకచోట కూర్చుని సాధన చేసిన మనిషికి చీకటి గదిలో గంటలకు గంటలు నిశ్శబ్దంగా కూర్చోవడం కొత్త కాకపోవచ్చు. ఐతే ఒక తేడా ఉంది. ఇక్కడ ఫలితం తన మనసుకు తెలిస్తే చాలదు. ప్లేటు మీద పడాలి. ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి.

గురువుకు గురువు.. జర్మనీ నుంచి లివర్‌పూల్ దాకా

తర్వాతి మజిలీ ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్. అక్కడున్నది జేమ్స్ చాడ్విక్. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టి, 1935లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. అదే ఏడాది కేంబ్రిడ్జ్ వదిలి లివర్‌పూల్ యూనివర్సిటీకి వచ్చి, అణు పరిశోధనకు పెద్ద ల్యాబ్ కడుతున్నారు. జ్ఞానానంద ఆ ల్యాబ్‌లో చేరారు. ఈసారి సబ్జెక్టు బీటా కిరణాలు.

ఇక్కడో ఆసక్తికరమైన విషయం ఉంది. బీటా కిరణాల కథలో చాడ్విక్‌కు పాత లెక్కలున్నాయి. కుర్రవాడిగా ఉన్నప్పుడు 1913లో ఆయన కూడా జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో హాన్స్ గైగర్ దగ్గర పనిచేశారు. రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ అంటామే, ఆ గైగరే. అక్కడే 1914లో చాడ్విక్ ఒక వింత గమనించారు. కొన్ని రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే బీటా కణాలన్నిటికీ ఒకే శక్తి ఉండాలని అందరూ అనుకున్నారు. లెక్క ప్రకారం అలాగే ఉండాలి. కానీ ఒక కణానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ, ఇలా అన్ని రకాల శక్తులూ కనిపించాయి. మరి మిగతా శక్తి ఎటు పోయినట్టు?

ఆ ప్రశ్న తేలకముందే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. శత్రుదేశం పౌరుడు కాబట్టి జర్మన్లు చాడ్విక్‌ను నిర్బంధించారు. బెర్లిన్ దగ్గర రూలెబెన్‌లో గుర్రపు పందేల మైదానం అది. యుద్ధం ముగిసేదాకా అక్కడి గుర్రపు కొట్టాల్లో ఉంచారు. ఆ కొట్టంలోనూ ఆయన ప్రయోగాలు ఆపలేదు. అప్పట్లో జర్మనీలో థోరియం కలిపిన టూత్‌పేస్టు అమ్మేవాళ్లు. దాన్నే రేడియోధార్మిక పదార్థంగా వాడుకున్నారు!

పోయిన శక్తి సంగతి తేల్చడానికి పెద్ద పెద్ద వాళ్లు తలలు పట్టుకున్నారు. శక్తి నిత్యత్వ సూత్రమే తప్పేమో అన్నదాకా వెళ్లింది వ్యవహారం. చివరకు 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఒక ఊహ చేశారు. బీటా కణంతో పాటు కంటికీ పరికరానికీ అందని ఇంకో చిన్న కణం వెళ్లిపోతోందని, మిగతా శక్తిని అదే పట్టుకుపోతోందని చెప్పారు. దానికే న్యూట్రినో అని పేరు పడింది. 1934లో ఫెర్మీ ఈ ఊహ మీద పూర్తి సిద్ధాంతం కట్టారు. సిద్ధాంతం నిలబడుతుందా లేదా తెలియాలంటే ఒకటే మార్గం. బీటా కణాల శక్తిని చాలా చాలా కచ్చితంగా కొలవాలి.

జ్ఞానానంద చేతికి వచ్చిన రంగం ఇదే. బీటా కణం అంటే అణుకేంద్రకం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్. అయస్కాంత క్షేత్రంలో పెడితే అది వంకర తిరుగుతుంది. శక్తి తక్కువైతే ఎక్కువ వంగుతుంది, శక్తి ఎక్కువైతే తక్కువ వంగుతుంది. ఎంత వంగిందో కొలిస్తే శక్తి ఎంతో చెప్పొచ్చు. ఈ పరికరాన్నే బీటా స్పెక్ట్రోమీటర్ అంటారు. ఈ కొలతల పని మీద లివర్‌పూల్ నుంచి జ్ఞానానంద పీహెచ్‌డీ పొందారు. ప్రేగ్ డాక్టరేట్ తర్వాత ఇది రెండోది.

ఒక్కసారి ఈ వరుస చూడండి. సీగ్‌బాన్ శిష్యుడు డొలెయ్‌షెక్, ఆయన శిష్యుడు జ్ఞానానంద. ఇంకోవైపు గైగర్ దగ్గర పనిచేసిన చాడ్విక్, ఆయన దగ్గర జ్ఞానానంద. సంగీతంలో గురుపరంపర ఎలాగో ప్రయోగ విజ్ఞానంలోనూ అంతే. గొట్టం ఎక్కడ కారుతోందో కనిపెట్టడం, ప్లేటు ఎంతసేపు ఉంచాలో తెలియడం, ఏ కొలతను నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి అని తేల్చుకోవడం పుస్తకం చదివితే వచ్చే విద్యలు కావు. పక్కన నిలబడి, చేత్తో చేసి నేర్చుకోవాలి. రెండు గొప్ప పరంపరలు ఒక తెలుగు మనిషి చేతిలో కలిశాయి.

చదువుకున్న ఊళ్లన్నీ యుద్ధంలో..

ఆయన నేర్చుకున్న చోట్లకు ఆ తర్వాత ఏమైందో తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. 1939 మార్చిలో హిట్లర్ సైన్యం ప్రేగ్‌లో అడుగుపెట్టింది. అదే ఏడాది నవంబరులో చెక్ యూనివర్సిటీలన్నీ మూసేశారు. గురువు డొలెయ్‌షెక్‌ను నాజీలు అరెస్టు చేశారు. 1945 జనవరిలో టెరెజీన్ జైలులో ఆయన కన్నుమూశారు. నెల తిరగ్గానే, ఫిబ్రవరిలో, మిత్రరాజ్యాల బాంబు దాడిలో డ్రెస్డెన్ నగరం తగలబడిపోయింది. జ్ఞానానంద మొదటిసారి ఫిజిక్స్ పుస్తకం తెరిచిన ఊరది. లివర్‌పూల్ మీద 1941 మేలో జర్మన్ విమానాలు వరుసగా రాత్రుళ్లు బాంబులు కురిపించాయి.

యుద్ధకాలంలో జ్ఞానానంద అమెరికా చేరారు. మిషిగన్ యూనివర్సిటీలో పరిశోధన కొనసాగించారు. కణాలను వేగంగా తిప్పి కొత్త రేడియోధార్మిక ఐసోటోపులు తయారుచేసే సైక్లోట్రాన్ అక్కడ అప్పటికే ఉంది. ఆయన బీటా కిరణాల పనికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు పడ్డాయి. అప్పటిదాకా కొద్దిమంది ప్రొఫెసర్లకే తెలిసిన న్యూక్లియర్ ఫిజిక్స్ అనే మాట ఒక్కరోజులో ప్రపంచమంతా భయపడే మాటైంది. లివర్‌పూల్ గురువు చాడ్విక్ అప్పటికి అమెరికా బాంబు ప్రాజెక్టులో బ్రిటిష్ బృందానికి నాయకుడు. శిష్యుడి కృషి మాత్రం వేరే దిశలో తేలింది. అది ఒక పుస్తకం.

శూన్యం మీద పుస్తకం.. రచయిత పేరు స్వామి

1947లో న్యూయార్క్‌లోని వాన్ నోస్ట్రాండ్ సంస్థ 'హై వాక్యువా' అనే పుస్తకం ప్రచురించింది. గొట్టాల్లోంచి, గదుల్లోంచి గాలిని దాదాపు పూర్తిగా తోడేయడం ఎలా, మిగిలిన కాస్త గాలినీ కొలవడం ఎలా అన్నది అందులోని విషయం. అట్ట మీద రచయిత పేరు స్వామి జ్ఞానానంద. పంపులు, గేజీలు, గ్రాఫుల గురించిన అమెరికన్ టెక్నికల్ పుస్తకం మీద ఒక సన్యాసి పేరు! అప్పటికి ఆయనకు 50 ఏళ్లు.

గాలి తోడే పనిలో అంత గొప్పేముంది అనిపించొచ్చు. నిజానికి ఆధునిక ఫిజిక్స్ మొత్తం దీని మీదే నిలబడింది. 17వ శతాబ్దంలో ఓటో ఫాన్ గెరికె అనే జర్మన్ ప్రయోగశీలి రెండు రాగి అర్ధగోళాలు ఒకదానికొకటి ఆనించి, మధ్యలో గాలి తోడేసి చూపించారు. గుర్రాల జట్లు చెరోవైపు లాగినా అవి ఊడిరాలేదు. అప్పుడే జనానికి శూన్యం బలం, బయటి గాలి బరువు తెలిశాయి. రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలు పుట్టింది కూడా గాలి తోడేసిన గాజు గొట్టంలోనే.

కారణం ఒకటే. ఎలక్ట్రాన్ గాలిలో ప్రయాణించాలంటే అడుగడుగునా అణువులు అడ్డం తగులుతాయి. జాతర రోజు గుడి ముందు పరుగెత్తాలంటే ఎంత కష్టమో అంత. దారి ఖాళీ చేస్తేనే అది నేరుగా వెళ్తుంది. బీటా స్పెక్ట్రోమీటర్‌లో ఎలక్ట్రాన్ వంకర అయస్కాంతం వల్లే రావాలి తప్ప గాలి తగిలి రాకూడదు.

ఎంత ఖాళీ చెయ్యాలి? మామూలు గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. హై వాక్యూమ్ అంటే అది మిల్లీమీటర్‌లో పది లక్షల వంతుకు దిగాలి. అంటే 76 కోట్ల గాలి అణువుల్లో ఒక్కటే మిగలాలి. అంత తోడినా ఒక్కో ఘన సెంటీమీటరులో ఇంకా మూడు వేల కోట్లకు పైగా అణువులు తిరుగుతూనే ఉంటాయి. పూర్తి శూన్యం ఎక్కడా దొరకదు. లోపల ఒక్క వేలిముద్ర జిడ్డు ఉన్నా చాలు, అది నెమ్మదిగా ఆవిరవుతూ రోజుల కష్టాన్ని పాడుచేస్తుంది. గాజు గోడలకు పట్టిన తేమను కూడా వేడిచేసి వదిలించాలి.

దీనికీ మన జీవితాలకూ సంబంధం లేదనుకోవద్దు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో అయినా, ఊళ్లో చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్‌లో అయినా ఎక్స్‌రే మిషన్ లోపల ఉండేది ఒక శూన్య గొట్టమే. 1913లో అమెరికాకు చెందిన విలియం కూలిడ్జ్ ఆ గొట్టంలో గాలిని బాగా తోడేశాకే ఎక్స్‌రే నమ్మదగిన వైద్య పరికరమైంది. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే మిషన్లకూ, ఇంట్లో పాత డబ్బా టీవీలోని పిక్చర్ ట్యూబుకూ ఇదే ఆధారం. ఈ యంత్రాలను జ్ఞానానంద కనిపెట్టలేదు. వాటి వెనకున్న విద్యను ఒక చోట చేర్చి, తర్వాతి వాళ్లు నేర్చుకునేలా రాశారు.

20 ఏళ్ల తర్వాత ఇంటికి

పుస్తకం వచ్చిన 1947లోనే జ్ఞానానంద భారత్‌కు తిరిగొచ్చారు. వెళ్లి 20 ఏళ్లు. వెళ్లేటప్పుడు ఇది తెల్లోళ్ల పాలనలోని దేశం. ఇప్పుడు స్వతంత్ర దేశం.

కొత్త దేశం కొత్త ప్రయోగశాలలు కట్టుకుంటోంది. ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి ఆ ఏడాది జనవరిలోనే నెహ్రూ శంకుస్థాపన చేశారు. సీవీ రామన్‌తో కలిసి పనిచేసిన కేఎస్ కృష్ణన్ దానికి తొలి డైరెక్టర్. జ్ఞానానంద అందులో సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్‌గా చేరారు. 1950 జనవరిలో సర్దార్ పటేల్ ఆ ల్యాబ్‌ను ప్రారంభించారు. కచ్చితమైన కొలతలే పనిగా పెట్టుకున్న సంస్థ అది. జీవితమంతా కొలతల్లో గడిపిన మనిషికి సరిపోయే ఉద్యోగం. రాజధానిలో హోదా కూడా ఉంది. అక్కడే రిటైరైనా ఎవరూ ఏమీ అనుకోరు.

57 ఏళ్ల వయసులో మళ్లీ మొదటి నుంచి

1954లో ఆయన విశాఖపట్నం వచ్చారు. అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వీఎస్ కృష్ణ వైస్ చాన్సలర్. సైన్స్ విభాగాలు పెంచాలని పట్టుదలగా ఉన్నారు. జ్ఞానానంద వయసు 57. చాలామంది పెన్షన్ కాగితాలు సర్దుకునే వయసు.

ఆనాటి పరిస్థితి ఏంటో గుర్తు చేసుకోవాలి. దేశంలో అణు పరిశోధన అంటే రెండే పేర్లు వినిపించేవి. బొంబాయిలో హోమీ భాభా, కలకత్తాలో మేఘనాథ్ సాహా. సాహా నెలకొల్పిన అణు భౌతిక సంస్థను 1950లో ఐరీన్ జోలియో క్యూరీ స్వయంగా వచ్చి ప్రారంభించారు. డబ్బు, యంత్రాలు, పలుకుబడి అన్నీ ఆ రెండు మహానగరాల్లోనే. ఇక్కడ ఒక తెలుగు కుర్రాడు అణుకేంద్రకం గురించి పరిశోధన చెయ్యాలంటే మూటాముల్లె సర్దుకుని రైలెక్కడమే.

1956లో ఆంధ్ర యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కు ప్రత్యేక విభాగం ఏర్పడింది. జ్ఞానానంద దానికి అధిపతి. ఆ ఏడాది ప్రత్యేకత చూడండి. ఆగస్టులో ట్రాంబేలో ఆసియాలోనే తొలి తరం రియాక్టర్లలో ఒకటైన అప్సర పనిచేయడం మొదలెట్టింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది. ఏళ్ల తరబడి దొరక్కుండా తిరిగిన న్యూట్రినోను అమెరికాలో కోవన్, రైన్స్ ప్రయోగంతో పట్టుకున్నదీ అప్పుడే. బీటా కణాల లెక్కలో పోయిన శక్తి ఎక్కడికి పోయిందో అలా తేలింది.

విశాఖలో మొదలైనది మాత్రం పెద్ద రియాక్టర్ కాదు, బాంబు అంతకన్నా కాదు. ఓ ప్రయోగశాల. రేడియోధార్మిక పదార్థాల నుంచి వచ్చే బీటా, గామా కిరణాలను కొలిచే చోటు. దాన్ని నడపాలంటే డబ్బు ఒక్కటే చాలదు. పంపు ఆగితే విప్పి చూసే చెయ్యి కావాలి. కొలత తేడాగా వస్తే పరికరాన్ని అనుమానించాలో, ప్రకృతిని అనుమానించాలో చెప్పగల అనుభవం కావాలి. ప్రేగ్ చీకటి గదిలో, లివర్‌పూల్ ల్యాబ్‌లో, మిషిగన్‌లో ఆయన సంపాదించింది ఇదే. ఆ విద్య పుస్తకాల పెట్టెలో రాదు, మనిషితోనే వస్తుంది. అందుకే ఆయన రావడం అంత ముఖ్యమైంది.

1965లో పదవీ విరమణ చేసేదాకా ఆ విభాగాన్ని నడిపారు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. ఆంధ్ర యూనివర్సిటీలోని అణు పరిశోధన ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు.

యోగా? ఫిజిక్సా?

జ్ఞానానంద గురించి మాట్లాడేటప్పుడు జనం రెండు వర్గాలుగా చీలిపోతుంటారు. కొందరికి ఆయన యోగి మాత్రమే. ఫిజిక్స్ అంటే ఆ మహిమలో ఒక భాగం. ఇంకొందరికి ఆయన శాస్త్రవేత్త మాత్రమే. స్వామి అన్న మాట వినగానే ఇబ్బంది పడతారు. ఆయన జీవితం చూస్తే రెండు మాటలూ సరిపోవు.

స్వామి అన్న పేరు ఆయన ఎప్పుడూ వదల్లేదు. టెక్నికల్ పుస్తకం మీద కూడా అదే ఉంది. అలాగని ఆ పేరు ల్యాబ్‌లో ఏ మినహాయింపూ ఇవ్వలేదు. డాక్టరేట్లు రెండూ మిగతా విద్యార్థుల్లాగే ప్రయోగం చేసి, కొలతలు చూపించి తెచ్చుకున్నారు. సాధన ఆయనకు ఓపిక ఇచ్చి ఉండొచ్చు. కొలత మాత్రం ప్లేటు మీద పడిన గీతే ఇవ్వాలి. ఆ తేడా ఆయనకు బాగా తెలుసు కాబట్టే ఉపన్యాసాలతో ఆగకుండా బెంచీ మీద కూర్చున్నారు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, వేదాల్లో క్వాంటమ్ ఫిజిక్స్ ఉందని ఒక వీడియో, లేదని ఇంకో వీడియో. కింద కామెంట్లలో కొట్లాటలు. వందేళ్ల కిందట ఇదే ప్రశ్న ఎదురైన ఒక తెలుగు సన్యాసి ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. వెళ్లి గణితం నేర్చుకున్నారు. దానికి ఆయనకు 20 ఏళ్లు, నాలుగు దేశాలు పట్టాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇంటర్‌లో మార్కులు తగ్గాయని, ఒక ఏడాది పోయిందని, వయసు దాటిపోయిందని మన పిల్లలు, తల్లిదండ్రులు ఎంత బెంగపడతారో తెలిసిందే. జ్ఞానానంద ఫిజిక్స్ మొదలుపెట్టింది ముప్పై దాటాక. పుస్తకం వచ్చింది 50 ఏళ్లకు. సొంత విభాగం చేతికొచ్చింది 59 ఏళ్లకు.

విశాఖ వెళ్తే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం చూసి వస్తాం. ఈసారి ఆంధ్ర యూనివర్సిటీ వైపు వెళ్లినప్పుడు ఫిజిక్స్ చదివే పిల్లలుంటే స్వామి జ్ఞానానంద ల్యాబ్ పేరు ఒకసారి చెప్పండి. ఆ పేరున్న మనిషి గొరగనమూడి నుంచి బయల్దేరాడని కూడా చెప్పండి.